రోజూ స్నానం చేసే కారు

మండవల్లిలో జగ్గారావుకి స్నానం తప్పినా ఆయన కారుకి తప్పేది కాదు. తెల్లారగానే బోరు మోటారు వేసి, పైపు పట్టుకుని, పాత అంబాసిడర్‌ని పైనా కిందా కడిగేవాడు. ముఖ్యంగా కింద. చేపల చెరువు గట్ల మీద తిరిగొచ్చే బండి, బురద అంటుకుని ఎండితే రేకు పాడవుతుందని ఆయన భయం. కొల్లేటి పక్క బోరు నీళ్ళు ఉప్పని తెలియని మనిషేం కాదు. అందుకే రేడియేటర్లో మాత్రం మంచినీళ్ళ ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను నీళ్ళు పోసేవాడు.

"తాగడానికి తియ్యటి నీళ్ళు, ఒళ్ళు కడగడానికి బోరు నీళ్ళు. మనమూ అంతేగా!" అనేవాడు.

ఆయిలు వేళకి మార్చేవాడు, గ్రీజు మరిచేవాడు కాదు. "పేరుకే కారు, చుక్క కారదు" అని ఊరంతా చాటేవాడు.

ఈ సేవకో కారణం ఉంది. భార్య వీరదుర్గకి మోకాళ్ళ ఆపరేషనయ్యాక బస్సు మెట్టూ రైలు మెట్టూ కొండలే. ఆటో కుదుపుకి నడుం పట్టేస్తుంది. కొత్త కార్ల వాసనకి ఊరు దాటకుండానే వాంతి. ఈ బండిలో మాత్రం అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి మహారాణిలా కూర్చునేది. గూడెం అవతల పెంటపాడులో మంచం పట్టిన అక్క సుబ్బలక్ష్మిని చూడాలంటే ఆవిడకి ఉన్న దారి ఇదొక్కటే.

ఆ ఆదివారం అక్క దగ్గరికే బయల్దేరారు. ఏలూరు పొలిమేరలో బండి గతుకులో పడి లేచింది.

"ఏవండీ, కాళ్ళకి గాలి కొడుతోందండీ."

"ఏసీ లేదని దెప్పేదానివిగా!"

"రోడ్డు కనపడుతోందండీ."

"కారెక్కాక రోడ్డు కాక రొయ్యలు కనపడతాయా?"

"నా కాళ్ళ కిందండీ!"

జగ్గారావు బండాపి చూశాడు. మ్యాటు కింద భోజనం పళ్ళెమంత కన్నం.

నెమ్మదిగా ఏలూరులో రాజరత్నం షెడ్డుకి చేర్చాడు. ఏళ్ళ తరబడి ఆ బండి ఇంజను చూస్తున్న మెకానిక్కు. అడుగు చూసే పని ఎప్పుడూ పడలేదు. పైకెత్తించి కింద నుంచి బొటనవేలితో నొక్కాడు. రేకు అప్పడంలా విరిగి చేతిలోకొచ్చింది.

"ఇంజనుకి పదేళ్ళయినా బెంగ లేదండీ."

"మరింకేం, రత్నం!"

"దాన్ని మొయ్యడానికే ఏమీ మిగల్లేదండీ."

"అతుకు వెయ్యి."

"అతకడానికి అటో ఇటో గట్టి రేకుండాలి కదండీ. వెల్డింగు పెడితే కన్నం పెద్దదవుతుంది. ఏ నీళ్ళతో కడుగుతున్నారండీ?"

జగ్గారావు చెప్పాడు. రాజరత్నం చేతులు తుడుచుకుని బండిని కిందికి దింపించాడు. బండిని ఇన్నేళ్ళు కడిగిన తనని అతను ఒక్కసారి కడిగేసినా బాగుండేదనిపించింది జగ్గారావుకి. ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉంటుందంటారు, ఇక్కడ ఉప్పే తినేసింది. తుప్పంటే గీకుతారు, తప్పుని ఎలా గీకడం?

"పోనీ, ఇంటిదాకానైనా?"

"అమ్మగారిని మాత్రం ఎక్కించకండి. సీటు దిగిపోద్దండీ."

బండిని షెడ్డులోనే వదిలి ట్యాక్సీ పిలిచారు. అద్దాలన్నీ దించారు, నిమ్మకాయ వాసన చూపించారు. అయినా కొత్త సీట్ల వాసనే గెలిచింది. పెంటపాడు మాట మానుకుని ఇంటివైపు తిప్పించారు. మండవల్లి చేరేసరికి దుర్గ తల నిలబెట్టలేకపోయింది. ట్యాక్సీ తలుపు నిండా వాంతి మరకలు.

"కడుక్కోడానికి నీళ్ళిప్పిస్తారాండీ?" అన్నాడు డ్రైవరు.

అలవాటు కొద్దీ జగ్గారావు చెయ్యి బోరు పైపు మీద పడింది. పడి, అక్కడే ఆగిపోయింది. లోపలికెళ్ళి తాగే నీళ్ళ క్యాను మోసుకొచ్చాడు. "నేను కడుగుతాను, నువ్వుండు బాబూ" అని గుడ్డ అందుకున్నాడు.

అరుగు మీద దుర్గ ఫోను మోగింది. పెంటపాడు నుంచి అక్క గొంతు పలచగా వినిపించింది.

"బయల్దేరారటే?"

దుర్గ భర్త వైపు చూసింది. ఆయన వంగి, ఎవరిదో కారుని, మంచినీళ్ళతో, పసిపిల్లకి పోసినట్టు పోస్తున్నాడు.

"కారు కడుగుతున్నారక్కా," అంది. "ఆరగానే వచ్చేస్తాం."