అవతలి కంపెనీ ఇరుసు

మా ఆయన వర్జిల్‌కి దేవుడు ఆదివారాలే గుర్తొస్తాడు. తను పనిచేసిన కార్ల కంపెనీ మాత్రం రోజూ గుర్తుంటుంది. ఫ్లింట్‌లో చాలామంది అంతే, కార్ల ఫ్యాక్టరీల ఊరు మరి. కార్మిక సంఘం హాలు ముందు పోటీకొచ్చే అవతలి కంపెనీ కారు ఆపితే, తిరిగొచ్చేసరికి చక్రాల్లో గాలి ఉండదు. మా నాన్న కాజిమిర్ బతుకంతా ఆ అవతలి కంపెనీలోనే, ఇరుసులు చేసే ఫ్యాక్టరీలో గడిపాడు. మమ్మల్ని చూడ్డానికి వస్తే, వర్జిల్ ఆయన కారుని మా వాకిట్లోకి రానిచ్చేవాడు కాదు. పాపం నాన్న చర్చి దగ్గర కారాపి, గసగసాల రొట్టె చంకలో పెట్టుకుని, మంచులో నడిచొచ్చేవాడు. వచ్చి నవ్వేవాడు కూడా. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నాన్న పోయాక కూడా ఆ మంట చల్లారలేదు.

మా అమ్మాయి కోరిన్‌కి తండ్రి పిచ్చే అంటుకుంది. ఇద్దరూ కలిసి బాగుచేసిన 1970 నాటి మజిల్ కారులో, అంటే పెద్ద ఇంజనుండే పాత కారులో, పావుమైలు పందేలకి వెళ్తుంది. ఇంజను బలం పెంచుకుంటూ పోయారు గానీ వెనక ఇరుసు సంగతి పట్టించుకోలేదు. పోయిన అక్టోబర్‌లో పచ్చ దీపం వెలిగి కారు దూకగానే టప్పుమని చప్పుడైంది. ఇరుసులో కడ్డీ విరిగింది. ఎడమవైపు వెనక చక్రం ఆ కడ్డీ ముక్కతో సహా ఊడొచ్చి, కారు కంటే ముందు పరిగెత్తింది. కారు గోడని రాసుకుంటూ పోయి ఆగింది. కోరిన్ నవ్వుతూ దిగింది. నేను కంచె పట్టుకుని కూలబడ్డాను.

"గట్టి ఇరుసు వేస్తే సరే. లేదంటే కారు తాళాలు నా దగ్గరే ఉంటాయి," అని ఇంటికొచ్చాక ఇద్దరికీ తేల్చి చెప్పాను.

మంచు కరిగాక వర్జిల్‌తో పాటు నేనూ రూబెన్ తుక్కు యార్డుకి వెళ్ళాను. వెంట లేకపోతే ఏదో ఒకటి తెచ్చి గట్టిదేనంటాడని నా భయం. రూబెన్ మా ముందు రెండు ఇరుసులు పెట్టాడు.

"ఇది మీ కంపెనీదే, పెద్ద రకం. గేర్లు గట్టివి. కానీ చక్రాన్ని పట్టుకునేది మీ పాతదాంట్లో లాగే లోపల ఉండే చిన్న బిళ్ళ. కడ్డీ విరిగిందంటే చక్రం మళ్ళీ షికారుకి పోతుంది," అన్నాడు రూబెన్.

"మరి అదో?" అన్నాను.

"దాంట్లో కడ్డీని బయటి కొసనే బిగిస్తారమ్మా. ముక్కలైనా చక్రం ఎక్కడికీ పోదు."

"అది ఎవరిదో నాకు తెలుసు. పద నడీన్, ఇంటికి పోదాం," అన్నాడు వర్జిల్.

"కాస్త చూసి పోవయ్యా, చూస్తే నీ సంఘం కార్డు చిరిగిపోదులే!" అన్నాడు రూబెన్.

ఆ ఇరుసుకి మా కంపెనీ వాటిలా వెనక మూత ఉండదు. గేర్లన్నీ ముందువైపు నుంచి ఒకే ముద్దగా ఊడివస్తాయి. రూబెన్, వర్జిల్ కలిసి దాన్ని ఊడదీసి బల్ల మీదికి ఎత్తడానికి ఆయాసపడ్డారు. రూబెన్ గుడ్డతో మడ్డి తుడిచాడు.

రొట్టెల పెనమంత గుండ్రటి గేరు, చుట్టూ వంపు తిరిగిన పళ్ళు, ఒక్కదానికీ గాటు లేదు. రూబెన్ వేలితో తిప్పితే అంత ఇనుమూ చప్పుడు లేకుండా తిరిగింది. నాన్న ఇంటికొచ్చాక ఏం చేశావని అడిగితే "ఇరుసులు" అనేవాడు, అంతే. ఆ ఒక్క మాట వెనక ఇంత అందం ఉందని నాకు తెలీదు. పళ్ళ మీద చెయ్యి పెట్టాను. నూనె వాసన నాన్న చొక్కా వాసనే. కళ్ళు నిండిపోయాయి.

వర్జిల్ కూడా వంగాడు. ఆ పెద్ద గేరుని తిప్పే చిన్న గేరుకి రెండు కొసల్లోనూ బేరింగు ఆసరా ఉండటం చూసి, లోపల వేలు పెట్టి తడిమాడు. పనివాడు కదా, పెట్టిన వేలు వెనక్కి తీయబుద్ధి కాలేదు.

"ట్రక్కులో వెయ్యి. ఎవరికైనా చెప్పావంటే మాత్రం ఊరుకోను," అన్నాడు చివరికి.

"నేను చెప్పను సరే, నువ్వు దాన్నెక్కడ దాస్తావు? జేబులోనా?" అన్నాడు రూబెన్.

వర్జిల్ దాన్ని కోసి వెడల్పు తగ్గించి, మా కారుకి సరిపడేలా పట్టీలు వెల్డింగ్ చేశాడు. అంతా అయ్యాక, మా కంపెనీ ఇంజన్లకి వేసే నారింజ రంగు పులిమాడు.

"రంగేస్తే కులం మారుతుందా?" అన్నాను.

"కార్ల కిందికి దూరి చూసేవాడెవడే!" అని కసిరాడు.

మే నెల పందేనికి సంఘం మిత్రులంతా వచ్చి, బయల్దేరే గీత వెనకే, కారు అడుగు కనిపించేచోట నిలబడ్డారు. పచ్చ దీపం వెలిగింది. కారు వెనక్కి కుంగి, ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. అంత బరువూ ఆ ఇరుసు మీదే. నేల అదిరి నా పక్కటెముకల్లో మోగింది. టప్పుమంటుందేమోనని ఊపిరి బిగబట్టాను. కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది. నా బిడ్డని మోసుకెళ్తున్న ఆ ఇనుముకి చేతులెత్తి మొక్కాలనిపించింది.

"ఒరే వర్జిల్! వెనక మూత లేదేమిట్రా? అది అవతలివాళ్ళ ఇరుసు కదరా! పైగా నారింజ రంగు పూశావా!" అని అరిచాడు ఆ మిత్రుల్లో ఒకడు, లీరాయ్ టిబ్స్. అందరూ పగలబడి నవ్వారు.

వర్జిల్ మెడ ఎర్రబడింది. ఏదో అబద్ధం అతికిస్తాడనుకున్నాను. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా మామగారు చేసిన ఇరుసురా అది," అన్నాడు. "నా కూతుర్ని పడకుండా ఆయనే పట్టుకున్నాడు."

నవ్వు ఆగిపోయింది. ఆ ఇరుసు నాన్న చేతుల మీదుగా వచ్చిందో లేదో ఎవరికీ తెలీదు, వర్జిల్‌కీ తెలీదు. నేను వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను.

కోరిన్‌ని స్నేహితులతో రమ్మని మేమిద్దరం ముందు బయల్దేరాం. మా వీధిలోకి వచ్చాక వర్జిల్ ట్రక్కుని ఇంటిదాకా తీసుకుపోలేదు. చర్చి దగ్గర ఆపి దిగాడు. నడవడం మొదలెట్టాడు. నేనూ పక్కనే నడిచాను. సగం దూరం వచ్చాక మోకాలు పట్టుకుని ఆగాడు.

"ఇంత దూరం నడిచేవాడా మీ నాన్న?"

"మంచులో," అన్నాను.