వెనక వరస కసరత్తు

ఇద్వల్ ప్రాసర్‌కి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేల్చిన డాక్టరు, వెంటనే ఒక మంచి మాట కూడా చెప్పాడు. తొందరగా దొరికింది, ఆపరేషన్ చేసి తీసేద్దాం, ఈలోగా ఒంటినీ మనసునీ సిద్ధం చేసుకో అన్నాడు. ఒంటి సంగతి ఇద్వల్‌కి బెంగ లేదు. గని మూతపడేదాకా బొగ్గు తవ్విన ఒళ్లు అది. మనసునేం చెయ్యాలో మాత్రం పాలుపోలేదు. వేల్సులోని ఆ లోయలో మగవాళ్లు మనసును ఆదివారం చర్చికి వేసుకునే కోటుతోపాటు బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

ఆసుపత్రిలో కసరత్తులు నేర్పే షోనెడ్ అనే అమ్మాయికి ఆయన మనవరాలి వయసుంటుంది. రోజూ నడవమంది, బీరు తగ్గించమంది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మూత్రం చుక్కచుక్కగా కారవచ్చనీ, అందుకని ముందునుంచే లోపలి కండరాన్ని బిగించి వదలడం అలవాటు చేసుకోవాలనీ చెప్పింది. ఏ కండరమని అడగడానికి ఇద్వల్‌కి నోరు రాలేదు. మూత్రం మధ్యలో ఆపుకోవాలంటే ఏది బిగిస్తావో అదేనని ఆ పిల్లే చెప్పింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చివరికి, నీ భయమేమిటో ఒక్క మనిషికైనా చెప్పుకో అంది. తక్కినవన్నీ చేస్తానని ఇద్వల్ ఒప్పుకున్నాడు.

ఆయన భయం చావు గురించి కాదు. ఊరి మగవాళ్ల బృందగానంలో బేస్ అనే మంద్రపు గొంతులకు ఆయనే పెద్ద దిక్కు. బృందం వేసుకునేది లేత బూడిదరంగు ప్యాంటు. దాని మీద చినుకు పడినా దేశమంతటికీ కనపడుతుంది. నిండు సభలో, దీపాల కింద, అందరూ చూస్తుండగా తడిసిపోతే? ఆ పరువు పోయే రోజు రాకముందే బృందం మానేయాలని లోలోపల నిశ్చయించుకున్నాడు. భార్య మెన్నాకు జబ్బు సంగతి తెలుసు గానీ ఈ సంగతి తెలియదు.

కసరత్తు మాత్రం శ్రద్ధగా పట్టుకున్నాడు. సాధనలో పొడుగు స్వరం వచ్చినప్పుడల్లా బిగించడం, అది ఆగగానే వదలడం. పాటకు పాట, కసరత్తుకు కసరత్తు. అయితే జన్మంతా పాడిన మనిషి కదా, బిగించమంటే ఛాతీ పొంగేది, మడమలు నేల వదిలేవి.

ఇక్కడే వచ్చింది చిక్కు. వెనక వరసలో ఒక్కడికీ స్వరలిపి రాదు. ఇద్వల్ ఊపిరి పీలిస్తే వాళ్లూ పీలుస్తారు, ఆయన పేజీ తిప్పితే వాళ్లూ తిప్పుతారు. ఆ గురువారం సాధనలో పొడుగు స్వరం దగ్గర ఆయన మునివేళ్ల మీద లేచాడు. వెనక వరస మొత్తం లేచింది. ఆయన దిగితే అందరూ దిగారు.

పాట నడిపించే గెథిన్ చేతులు దించేశాడు. కుర్రవాడు, బడిపంతులు, ఓపిక తక్కువ. ఏమిటీ ఉయ్యాల అని అడిగాడు. ఇద్వల్ లేచాడు కాబట్టి లేచామని అందరూ ఏకకంఠంతో చెప్పారు. పాటలో కూడా అంత కలిసికట్టుగా ఎన్నడూ పలకలేదు.

ఇద్వల్‌కి కక్కలేక మింగలేక అయింది. చివరికి కక్కేశాడు. జబ్బు, ఆపరేషన్, కండరం, అన్నీ.

అంతా విన్నాక ఎవరో, అదెలా బిగించాలి అని మెల్లగా అడిగారు. మగాడికి జబ్బుకంటే కసరత్తు గురించి మాట్లాడటం తేలిక. అందరూ ప్రయత్నం మొదలుపెట్టారు. కొందరి మొహాలు కందగడ్డలయ్యాయి.

"అలా కాదురా," అన్నాడు పక్కనున్న ట్యూడర్. "ఊపిరి బిగబట్టకండి. పిరుదులు కదలకూడదు. లోపల మాత్రమే. ఎదుటివాడికి తెలిసిందంటే తప్పు చేస్తున్నట్టే."

ఇద్వల్ మెల్లగా అతని వైపు తిరిగాడు. చిన్నప్పటి నుంచీ జంటగా తిరిగిన స్నేహితుడు. "నీకెలా తెలుసురా?"

ట్యూడర్ తేలుకుట్టిన దొంగలా పాట పుస్తకంలో తల దూర్చాడు. అప్పుడు ఇద్వల్‌కి ఒక్కొక్కటీ వెలిగింది. హెర్నియా అని చెప్పి వీడు చేయించుకున్న ఆపరేషన్. ఆ తర్వాత ప్యాంట్లు నలుపురంగుకి మార్చాలని వీడు బృందం సమావేశంలో పెట్టిన రభస. మనం పాటగాళ్లమా, శవాలు మోసేవాళ్లమా అని అందరినీ నవ్వించి ఆ మాట కొట్టేయించింది సాక్షాత్తూ తనే.

"కచేరీలో ఎప్పుడైనా...?" అని అడిగాడు.

"మొదట్లో రెండుసార్లు. గుడ్డ పెట్టుకున్నాను. ఎవడూ చూడలేదు. అందరూ గెథిన్ చేతుల వైపే చూస్తారు."

ఇద్వల్‌కి నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. "పక్కనే నిలబడి ఒక్క మాట చెప్పలేదేంరా?"

"చెబుదామనే వచ్చాను," అన్నాడు ట్యూడర్. "నా ఆపరేషన్ ముందురోజు మీ ఇంటి బయట కారులో కూర్చుని ఏడ్చాను. తలుపు కొట్టలేక వెళ్లిపోయాను."

ఆ రోజు తను ఇంట్లోనే ఉండి ఉంటాడు. రగ్బీ ఆట చూస్తూ కేకలు పెడుతూ ఉండి ఉంటాడు.

గెథిన్ చేతులు ఎత్తి, మొదటినుంచి పాడదామన్నాడు.

"నాకూ భయంగా ఉందిరా," అన్నాడు ఇద్వల్. లోయంతా వినపడే ఆ గొంతులోంచి మాట చాలా చిన్నగా వచ్చింది.

ట్యూడర్ రెండు కుర్చీలు లాగాడు. "నువ్వు కాసేపాగు గెథిన్," అన్నాడు. "మేం మాట్లాడుకోవాలి."