పాత పిలుపులు

ఓట్స్ అడుగంటిన గిన్నె తోముతూనే ఇంటి నుంచే ఆఫీసు ఆన్‌లైన్ మీటింగు విన్నాను. కెమెరా ఆపేశాను. పక్కనే కూర్చున్న మా అత్తగారు ఆర్లీన్, టోస్ట్ మాడిందని గొణుగుతున్నారు.

మా కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ప్రోగ్రాములో ఎప్పుడేం జరిగిందో నమోదు చేసే లాగింగ్ భాగం నాది. అందులో ఆ పని చేసే కోడ్ ముక్క, అంటే పాత ఫంక్షన్, ఒక సందేశాన్నీ, దానితో ఒకే ఒక వివరాన్నీ తీసుకునేది. ఎన్ని వివరాలైనా ఇచ్చేలా మార్చమన్నారు. కొత్తది రాశాను. పాతదాన్ని మాత్రం తీసేయకుండా పక్కనే ఉంచాను. ఎప్పుడో తయారై ఆసుపత్రుల్లో నడుస్తున్న ప్రోగ్రాములు ఆ పాత రూపాన్నే వెతుక్కుంటాయి. దొరక్కపోతే ఆగిపోతాయి.

"కొత్తది ఒక్క వివరమిచ్చినా తీసుకుంటుందిగా. ఇంకా ఆ పాత చెత్తెందుకు?" అన్నాడు మేనేజర్ క్రెయిగ్.

"ఆసుపత్రులవాళ్లు మన కొత్తదానికి తగ్గట్టు ప్రోగ్రాముల్ని మళ్లీ కంపైల్ చేసి తయారు చేసుకోరు క్రెయిగ్. ఉన్నదాన్నే నడుపుకుంటారు."

"మా ఇంగ్రిడ్ అచ్చం అమ్మమ్మే. ఒక్క పాత డబ్బా పారెయ్యనివ్వదు."

నా గురించి క్రెయిగ్ అన్న ఆ మాటకు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకునేదాన్ని. మా ఆయన డేల్ స్నేహితుల ముందు "మా ఆవిడ ఏదో టైపు కొడుతుంటుందిలే" అన్నప్పుడూ వడ్డిస్తూ నవ్వేదాన్ని. ఆ నవ్వుకు ఎంత ఓపిక ఖర్చయ్యేదో చాలాకాలం నాకే తెలియలేదు.

పాతదాన్ని క్రెయిగే తీసేసి కొత్త అప్‌డేట్ విడుదల చేశాడు. సోమవారం పొద్దున అప్‌డేట్ తీసుకున్న ఆసుపత్రుల్లో మందుల ప్రోగ్రాములు వరసగా ఆగిపోయాయి. నర్సులు కాగితాలమీద రాసుకుంటున్నారట. పాత ఫంక్షన్ తిరిగి పెట్టాను. పాత పేరుతో పిలిస్తే లోపల కొత్తదే పని చేసేలా కలిపాను. మధ్యాహ్నానికి అన్నీ లేచాయి.

"బతికించావు," అన్నాడు క్రెయిగ్ ఫోన్లో. "కస్టమర్లకు వివరణ కూడా నువ్వే రాసెయ్. మనమెవరమూ గమనించలేదని రాస్తే చాలు."

"నేను గమనించాను. చెప్పాను కూడా."

"ఇప్పుడదంతా ఎందుకు? మనమంతా ఒక టీం కదా."

"నేను రాస్తే, నేను వద్దన్నా నువ్వు తీశావనే రాస్తాను. అది వద్దనుకుంటే నువ్వే రాసుకో."

అతను నవ్వేశాడు. ఈసారి నేను నవ్వలేదు.

"సరే, రాయి," అన్నాడు చివరికి.

రాస్తుండగా, సెలవు పెట్టి టీవీలో హాకీ చూస్తున్న డేల్ గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. వాకిట్లో మంచు కూడా కాస్త తోసెయ్. ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా."

రాస్తున్న వాక్యం పూర్తి చేశాక అతనివైపు తిరిగాను.

"నేను ఇంట్లో లేను డేల్. ఆఫీసులో ఉన్నాను. ఇంట్లో ఉన్నది నువ్వు."