మనుషులకు వాడరాదు

ఆ సీసా మీద రెండు మాటలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ‘మానవ ప్రోటీన్’, రెండోది ‘మనుషులకు వాడరాదు’. ఆ సీసాలు తయారయ్యే కంపెనీలోనే చెల్లెలు పనిచేస్తుంది కాబట్టి ఆమెకు అందులో వింతేమీ కనిపించదు. అక్కకు మాత్రం ఆ సంగతి తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

“మనిషిదే అంటారు, మనిషికి పనికిరాదంటారు. ఏం చోద్యమే ఇది?” అని దెప్పుతుంది.

చోద్యమేమీ లేదు. మనిషి జన్యువును సూక్ష్మజీవుల్లో పెట్టి, వాటిని స్టీలు తొట్టెల్లో పెంచి, చితక్కొట్టి, వడగట్టి, కడిగి, ఆ ఒక్క ప్రోటీన్‌నే వేరు చేయడం చెల్లెలి ఉద్యోగం. ఎంత కడిగినా ఆ సూక్ష్మజీవుల మడ్డి ఇసుమంత మిగులుతుంది. ప్రయోగశాలలో పరిశోధన చేసుకునేవాళ్లకు ఆ మాత్రం శుభ్రం చాలు. నెత్తురులోకి ఎక్కిస్తే మాత్రం ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆపైన ప్రాణానికే ముప్పు. ఇదంతా ఆమె అక్కకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అక్క వినేది, తలూపేది, మళ్లీ మొదటికొచ్చేది.

అలాగని అక్క మూర్ఖురాలు కాదు. ఆమె కూతురి ఎముకలు గట్టిపడటం లేదు. అందుకు కావలసిన ప్రోటీన్ ఆ పిల్ల ఒంట్లో పుట్టదు. అందరూ ముద్దుగా బుడంకాయ అని పిలిచే ఆ ఆరేళ్ల పిల్లకు పనికొచ్చే మందు ఇంకా తయారు కాలేదు. ఇవాళో రేపో వస్తుందని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. ఆ మందు ఏ ప్రోటీన్‌తో చేయాలో, సరిగ్గా అదే చెల్లెలి చేతుల మీదుగా రోజూ వెళ్తోంది. ఇది తెలిసీ ఊరుకునే తల్లి ఎవరైనా ఉంటే చూపించండి.

బుడంకాయ మంచం దిగబోయి చెయ్యి విరగ్గొట్టుకున్న రోజు అక్క ఏడవలేదు, అరవలేదు. చెల్లెలికి ఫోన్ చేసి, “పక్కింటి నర్సు సూది వేస్తానంది. నువ్వు తెస్తే చాలు,” అంది.

చెల్లెలి మనసు కరిగిపోయింది. లేబుల్ వంకరగా పడిన సీసాలను పారేయడానికి ఒక ట్రేలో పెడతారు. అందులోంచి ఒకటి తీసి సంచిలో వేసుకుంది. బస్సెక్కాక గానీ బుద్ధి రాలేదు. దిగి వెనక్కి పోదామనుకుంది, పోలేదు. అక్కను మరోసారి కాదనే ఓపిక ఆమెలో లేదు.

వంటింట్లో అక్క చెయ్యి చాచింది. చెల్లెలు ఇచ్చింది. తిరిగి లాక్కుందామా అనుకునేలోపే అక్క సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. తలకిందులు చేసి వేలితో తట్టింది.

“ఇందులో ఏముందే? ఏమీ కనబడదేం?”

ఉంది. కాకపోతే, గడ్డకట్టించి ఆరబెట్టిన ఆ ప్రోటీన్ ఎంత కొంచెమంటే, గాజు అడుగున కంటికి ఆనకుండా అంటుకుపోయి ఉంటుంది. ఖాళీ సీసా పంపారేమిటని కొన్నవాళ్లు ఫోన్ చేసి తిట్టడం, కరిగించి పరీక్ష చేసి చూడండి ఉంటుందని వీళ్లు సర్దిచెప్పడం కంపెనీలో మామూలే. ఇప్పుడు కూడా ఆ ఒక్క మాట చాలు.

చెల్లెలు ఆ మాట అనలేదు.

“ఏమీ లేదక్కా. ఖాళీదే.”

“ఖాళీదా? మరెందుకు తెచ్చావ్?”

“నువ్వు ఊరుకుంటావని.”

అక్క ఆమెను ఎగాదిగా చూసింది. “నీ కడుపున పుట్టిన పిల్లయితే ఇలాగే చేసేదానివా?” అంది. గొంతు కూడా పెంచలేదు. ఆ మాట చెల్లెలికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నిజం చెబితే అక్క దక్కుతుంది, పిల్ల దక్కదేమో. చెల్లెలు చెయ్యి చాచింది.

“ఇలా ఇవ్వు, కడిగేస్తాను,” అంది.

అక్క సీసాను గట్టు మీదికి తోసింది. చెల్లెలు మూత తిప్పి తీసి కుళాయి కింద పెట్టింది. నీళ్లు నింపి, ఊపి, పారబోసింది. మళ్లీ నింపింది. సబ్బు వేసి రుద్దింది. మనిషి ఒంట్లోకి పోకూడనిదాన్ని ఇంటిదాకా తెచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఖాళీ సీసాకు అంత కడుగుడేమిటే?”

చెల్లెలు వెనక్కి తిరగలేదు. “ఫ్యాక్టరీ దుమ్ము,” అంది.

ఇంతలో చేతికి కట్టుతో బుడంకాయ గుమ్మంలోకి వచ్చింది. పిల్ల కళ్లు నేరుగా సీసా మీదికే వెళ్లాయి.

“పిన్నీ, అది నాకిస్తావా? పూసలు పోసుకుంటాను.”

చెల్లెలు అక్క వైపు చూసింది.

“తీసుకో తల్లీ,” అంది అక్క. “మీ పిన్ని నీకు ఇవ్వగలిగింది అదే.”

చెల్లెలు తడి తుడిచి ఇచ్చింది. పిల్ల బాగున్న చేత్తో అందుకుంది.