గోనె చుట్టిన చేద

మందు వేసిన పరీక్ష సీసాలో మా బావి నీళ్ళు మళ్ళీ నల్లబడ్డాయి, అంటే మురికి ఇంకా ఉన్నట్టే. బావి బాగుచేసే మెకానిక్ సీసాను ఎండకెత్తి చూసి, మా పెరట్లోని కొత్త మరుగుదొడ్డి వైపు తిరిగాడు.

"రెండుసార్లు బావి తోడించాం, బ్లీచింగ్ వేశాం. అయినా ఇంతే. దీని గుంతలోంచే మురికి ఊరుతున్నట్టుందక్కా. పూడ్చేయక తప్పదు."

"ముందు నన్ను అందులో నిలబెట్టి, అప్పుడు పూడ్చు," అంది అమ్మ. "కాలిపోయిన ఇంటికి ఇంకా తలుపే పెట్టుకోలేదు. దీనికి మాత్రం గడియ బిగించాను. ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంది."

ఆ పిల్ల నేనే. కాల్పులు ఆగి అందరం ఊరికి తిరిగొచ్చినా, పేలని గుండ్లు పొదల్లో ఇంకా ఉన్నాయి. మరుగుదొడ్డి పోతే నేనూ చెల్లీ మళ్ళీ ఆ పొదల్లోకే వెళ్ళాలి.

నా అనుమానం గుంత మీద కాదు, నానమ్మ మీద.

ఊరు వదలకముందు, కాల్పుల రోజుల్లో, చేద రాయికి తగిలి ఖంగుమంటే చాలు, తుపాకులు ఇటు తిరిగేవి. అందుకే నానమ్మ చేదకు గోనెపట్టా చుట్టి, చడీచప్పుడు లేకుండా నీళ్ళు తోడేది. ఇప్పటికీ అందరికంటే ముందు లేచి అలాగే తోడుతోంది. తోడాక ఆ పట్టాను పశువుల పాకలో, పేడకుప్ప పక్కన దాస్తుంది.

నోట్లో నాలుక లేని పిల్లనని ఊళ్ళో నాకు పేరు. అయినా పాకలోకి వెళ్ళి, ఇంకా తడిగానే ఉన్న ఆ పట్టాను తెచ్చి నానమ్మ ముందు పెట్టాను.

"నానమ్మా, బావిలోకి మురికి దీనివల్లే వెళ్తోంది."

"నోర్ముయ్. మిమ్మల్నందరినీ బతికించింది ఇదే!"

"అవును. చెల్లికి విరేచనాలు పట్టించింది కూడా ఇదే." పట్టాను ఆమె దగ్గరికి ఇంకాస్త జరిపాను. "దీని బదులు మరుగుదొడ్డి పూడ్చేస్తారట."

నానమ్మ చాలాసేపు ఆ గోనెను చేత్తో నిమిరింది. తర్వాత పొయ్యిలో కుక్కింది.

"ఇన్ని మాటలు ఎక్కడ దాచావే, దొంగమొహమా?"

పూడ్చేముందు ఇంకొక్కసారి నీళ్ళు పరీక్షించమని మెకానిక్‌ని అమ్మ ఎలాగో ఒప్పించింది. బావి మళ్ళీ తోడి, బ్లీచింగ్ వేశాం. ఆ వాసన పోయాక, పట్టపగలు, నానమ్మే చేద దించింది. చేద రాయికి తగిలి ఖంగుమంది. నానమ్మ చటుక్కున గట్టు వెనక కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఏమీ జరగలేదు.

"అత్తా! చేద పగలగొడతావా ఏంటి?" అని పక్కింటి పిన్ని అరిచింది.

"నా చేద, నా ఇష్టం!" అంటూ నానమ్మ లేచి, కావాలనే ఇంకోసారి కొట్టింది.

ఆ నీళ్ళే కొత్త పరీక్ష సీసాలో పోశాం. మెకానిక్ మళ్ళీ వచ్చేసరికి కూడా అవి నల్లబడలేదు. అతను సీసాను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే అమ్మ పార తెచ్చి చేతిలో పెట్టింది.

"పూడ్చేద్దామని వచ్చావుగా తమ్ముడూ. రా, పక్కింటి పెరట్లో వాళ్ళ మరుగుదొడ్డికి గుంత తవ్వుదువుగాని."