హేమ సంతకం

ఆదోని పత్తి యార్డులో ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నాను. మా కొట్టు నుంచి సరుకు కదలాలంటే చీటీ మీద యజమాని సంతకం ఉండాలి. గుమాస్తా ఎంత నమ్మకస్తుడైనా సరే. ఎమ్మిగనూరులో దివ్యాంగ పిల్లల కేంద్రాన్ని నడిపే బాధ్యత ట్రస్టు నాకు అప్పగించినప్పుడు అక్కడా అదే పద్ధతి పెట్టాను. ప్రవర్తన సమస్యలు చూసే సైకాలజిస్టు హేమ ఏ పిల్లకు ఏ శిక్షణ రాసినా, కర్నూలు నుంచి నెలకోసారి వచ్చే డాక్టరు సంతకం పడ్డాకే మొదలుపెట్టాలి. చట్టం అడిగింది కాదు. నా నియమం.

జనవరిలో ఒక సోమవారం కోసిగి నుంచి ఉరుకుందు, అతని భార్య లచ్చుమమ్మ, తొమ్మిదేళ్ల కూతురు ఈరమ్మను తీసుకుని వచ్చారు. ఈరమ్మకు మాటలు రావు. చప్పుడు ఎక్కువైతే చెయ్యి కొరుక్కుంటుంది. మణికట్టు మీద పుండు మానడం లేదు. శుక్రవారం వాళ్లు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోవాలి. డాక్టరు రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

"పోయినేడు పాపను యాడ పెట్టినారు?" అని అడిగాను.

"చేను గట్టున గుంజకు కట్టేసినామన్నా," అంది లచ్చుమమ్మ తల దించుకుని. "ఇడిస్తే రోడ్డు మీదికి పోతాది."

హేమ ఫైలు నా ముందు పెట్టింది. చెవులకు కట్టే గుడ్డ, 'చాలు' అని చెప్పే బొమ్మ కార్డు, తల్లి ఎప్పుడు ఏం చేయాలో, అన్నీ రాసి ఉన్నాయి.

"తల్లికి నేర్పేదానికి నాలుగు దినాలు పడుతుంది సార్. ఈ పొద్దే మొదలుపెట్టాల."

"డాక్టరు సంతకం?"

"యార్డులో మీరు పత్తి పింజ లాగి చూసి నిమిషంలో ధర సెప్తారు. కర్నూలుకు పోయి ఎవరినన్నా అడిగొస్తారా?"

"తప్పు జరిగితే ఎవరిది?"

"నాది. లైసెన్సు నా పేరు మీదుంది. పోతే నాదే పోతాది."

ఉరుకుందు నవ్వాడు. "మీ పత్తి లారీ అయితే పద్దెనిమిది దినాలు నిలబెడ్తారా అన్నా?"

డాక్టరుకు ఫోన్ చేశాను.

"గిరిధర్ గారూ, మందు లేని కాగితానికి నా సంతకం ఎందుకో నాకూ తెలీదు. మీరు పంపుతారు, నేను పెడతాను. సగం చదవను కూడా. ఆ పని హేమకు తెలిసినంత నాకు తెలీదు."

నాకు కోపం రాలేదు, లెక్క తేలింది. రెండేళ్లుగా సరిగ్గా చూడని సరుకు మీద ముద్ర వేయించుకుంటున్నాను. దాని కోసం పిల్లలు వారాల తరబడి ఆగారు.

నియమం కొట్టేసి కొత్తది రాశాను. మందులు, మూర్ఛ, ఒంటి జబ్బు డాక్టరు చూస్తాడు. మిగతాది హేమ ఇష్టం, ఆమె సంతకమే ఆఖరు. హేమ నిలబడే సంతకం పెట్టి, ఈరమ్మను లోపలికి తీసుకుపోయింది.

శుక్రవారం పొద్దున నేనూ హేమా నా బండిలో కోసిగి పోయాం. కూలీలతో నిండిన టెంపో డ్రైవరు ఆపకుండా హారన్ కొడుతున్నాడు. ఈరమ్మ చెయ్యి నోటి దాకా పోయింది. లచ్చుమమ్మ కంగారు పడకుండా చెవులకు గుడ్డ చుట్టి, కార్డు ఎదురుగా పట్టింది. పిల్ల కాసేపు చూసి, కార్డు లాక్కుని డ్రైవరు వైపు చాచింది.

"సాలంటాందప్పా," అంది లచ్చుమమ్మ.

"హారన్ లేకుండా గుంటూరు దాకా యెట్ల పోవాలక్కా," అని గొణుగుతూనే డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీశాడు.

టెంపో కదిలాక హేమ సంచిలోంచి ఇంకో ఫైలు తీసింది. "నందవరం పిల్లది. ఎమ్మిగనూరులో ఆగకుండా నేరుగా పోదామా సార్?"

జేబులోంచి బండి తాళాలు తీశాను.