డ్రైవరు ముడి

బస్సు టాపు మీద ఆఖరి గంపను కట్టేసి, తాడు గుంజి చూసుకున్నాడు డ్రైవరు. బిగిసింది. సామానుకు అతను జారుముడే వేస్తాడు. ఎన్ని గతుకులొచ్చినా ఊడదు. దిగాక కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే విడిపోతుంది.

నిచ్చెన దిగుతుంటే నడుములో పోటు పొడిచింది. మెట్టు మీదే ఆగి, కిటికీ అద్దం తుడుస్తున్నట్టు నటించాడు. కింద చెల్లెలు చూస్తోంది.

"ఏమైందన్నయ్యా?"

"ఏముంది, వయసు. ఎక్కు ఎక్కు."

తన క్యాన్సరు తిరగబెట్టిందని మొన్ననే డాక్టరు చెప్పాడు. ఎముకల్లోకి పాకిందట, ఇక మందులకు లొంగదట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికి అసలు తెలియకూడదు. ఆమె రొమ్ములో గడ్డ కూడా అదేనని ఈమధ్యే తేలింది. మందు ఎక్కించుకోనని మొండికేసింది. "ఎలాగూ పోయేదానికి బోడిగుండుతో పోవడమెందుకు?" అని ఒకటే మాట. ఆ జబ్బు నుంచి బయటపడ్డవాళ్ళు ఏటా కలిసి రిజర్వాయరుకు వెళతారు. వాళ్ళను చూస్తే మనసు మారుతుందని బతిమాలి తీసుకొచ్చాడు. సాయంత్రంలోగా ఆమె సరే అనాలి. అప్పటిదాకా అతను నిక్షేపంలా కనిపించాలి.

బస్సు కదిలింది. జుట్టు మళ్ళీ మొలవని పెద్దాయన, అందరికీ జులపాల బాబాయి, చెల్లెలి పక్కన చేరాడు.

"ప్రాణమూ కావాలి, జుట్టూ కావాలి అన్నానమ్మా. ఒకటే స్టాకుందన్నారు."

ఆమె పెదవి కాస్త కదిలింది. డ్రైవరు అద్దంలో చూశాడు. ప్రతి గుంతా నేరుగా వెన్నులోకే దిగుతోంది. స్టీరింగు మీద వేళ్ళు పాలిపోయాయి. బండి మాత్రం తొణకలేదు.

రిజర్వాయరు గట్టున భోజనాలయ్యాక రిటైరైన నర్సమ్మ సంచిలోంచి ఒక పాత తాడు తీసింది. ఒకప్పుడు అది ఆ బస్సు టాపు మీద సామాను కట్టిన తాడే. బతికి ఏడాది గడిపిన ప్రతివాళ్ళూ దానికి ఒక పీటముడి వేస్తారు. జబ్బు తిరగబెట్టినవాళ్ళు వెయ్యరు, కొస పట్టుకుని నిలబడతారు. అబద్ధపు ముడి అందరికీ చేటని వాళ్ళ నమ్మకం.

ఈ ఏడు టైలరమ్మ కొస పట్టుకుంది.

"ఆవిడకి మళ్ళీ వచ్చిందా?" అంది చెల్లెలు. ఆమె ముఖం తలుపు మూసినట్టయింది.

ఎప్పటిలా ఆఖరి ముడి డ్రైవరుది. తాడు అందుకున్నాడు. చెల్లెలు రెప్ప వెయ్యలేదు. టైలరమ్మ వైపు చూడకుండా, అరచేతుల చాటున ముడి వేసి, కొసను లోపలికి దోపి, తాడు నర్సమ్మకిచ్చేశాడు.

తిరుగు ప్రయాణంలో చెల్లెలు వచ్చి అతని సీటు వెనక నిలబడింది.

"సోమవారం ఆస్పత్రి దగ్గర దింపుతావా?"

"దింపడమేంటి, మంచం పక్కనే కూర్చుంటా."

"కూర్చుని గురక పెడతావు."

"పెడతా. నీకు తోడు ఉన్నట్టు తెలియొద్దూ?"

ఆమె జుట్టు ఊడేసరికి అతను స్టీరింగు పట్టలేకపోయాడు. జబ్బు తిరగబెట్టినట్టు ఎప్పుడు తెలిసిందని ఆమె అడిగితే, ఈమధ్యేనన్నాడు. ఆమె జుట్టు మొలిచేసరికి అతను లేడు.

మరుసటేడు బస్సుకు కొత్త డ్రైవరు. నర్సమ్మ తాడు చేతికిస్తే, చెల్లెలు అన్న వేసిన ఆఖరి ముడి కోసం తడిమింది. మిగతావన్నీ రాళ్ళలా ఉన్నాయి. అదొక్కటే వేలికి మెత్తగా తగిలింది. దోపిన కొస బయటికి జారింది. టాపు మీద గంపలకు వేసే ముడి. ఆ ముడిని ఆమె చిన్నప్పటి నుంచీ ఎరుగును.

నర్సమ్మా చూసింది. జారిన కొసను రెండు వేళ్ళతో పట్టుకుంది.

"లాగేద్దామా?"

"వద్దక్కా."

దాని పక్కనే తన పీటముడి పళ్ళతో పట్టి బిగించింది.

ఇంటిదారిలో ఆ తాడు డ్రైవరు సీటు వెనక కొక్కేనికి వేలాడింది. గతుకు గతుకుకూ జారుముడి కొస ఊగుతూనే ఉంది, ముడి ఊడలేదు.